ముందే ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది: యూనివర్సిటీలో సేఫ్టీ బాధ్యత కొత్తగా తీసుకున్నవారికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుంటున్న మిమ్మల్ని పిలిచి యూనివర్సిటీ మొత్తానికి సేఫ్టీ ఆఫీసర్‌గా అదనపు బాధ్యత అప్పగించారు. బీరువాలో వంద పేజీల సేఫ్టీ మాన్యువల్ ఉంది, దాన్ని ఎవరూ తెరవరు. తనిఖీకి వెళితే సీనియర్ ప్రొఫెసర్లు "ఇరవై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం, ఏమీ కాలేదు" అని పంపించేస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, వాళ్లతో ఎలా మాట్లాడాలి, రాత్రిపూట ల్యాబులు మూయించాలా అని అడిగారు. ఈ పనిలో నాకు ఇరవై రెండేళ్లు గడిచాయి. తెలిసినంతవరకు చెబుతాను.

మాన్యువల్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. ఈ బాధ్యత తీసుకున్న చాలామంది ముందుగా దాన్ని తిరగరాయడానికి కూర్చుంటారు. నేనూ అదే చేశాను. ఏడు నెలలు పట్టింది. అన్ని శాఖలకూ పంపాను. ఏ ల్యాబులోనూ ఒక్క సీసా కూడా చోటు మారలేదు.

నాకు అర్థమైంది ఇది. యూనివర్సిటీల్లో జరిగిన పెద్ద ప్రమాదాల గురించి చదువుతూ పోతే, దాదాపు ప్రతి దాంట్లోనూ ముందే ఎవరికో ఒకరికి విషయం తెలిసే ఉంటుంది. ఆ మాట పని ఆపగలిగిన మనిషి దాకా చేరి ఉండదు, లేదా చేరినా అక్కడే ఆగిపోయి ఉంటుంది. సేఫ్టీ ఆఫీసర్ అసలు పని ఆ మాటకు దారి వేయడం. మిగతావన్నీ దాని తర్వాతే.

మూడు ఘటనలు చెబుతాను. 2008 డిసెంబర్ 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో షెరి సంగ్జీ అనే 23 ఏళ్ల రీసెర్చ్ అసిస్టెంట్ టెర్ట్-బ్యూటైల్ లిథియం ద్రావణాన్ని ప్లాస్టిక్ సిరంజిలోకి లాగుతోంది. గాలి తగిలితే తనంతట తానే అంటుకునే పదార్థం అది. సిరంజి ప్లంజర్ ఊడి వచ్చింది, ద్రవం చిమ్మింది, మంట లేచింది. ల్యాబ్ కోటు వేసుకోలేదు, ఒంటి మీద సింథటిక్ స్వెటర్ ఉంది. పద్దెనిమిది రోజులకు ఆ అమ్మాయి చనిపోయింది. ఇంకా బాధ కలిగించే సంగతి ఏమిటంటే, అంతకు రెండు నెలల ముందు ఆ యూనివర్సిటీ సేఫ్టీ విభాగమే ఆ ల్యాబును తనిఖీ చేసి, ఇక్కడ కోట్లు వేసుకోవడం లేదని రాసింది. లోపం కాగితం మీదికి ఎక్కింది, కానీ ల్యాబులో ఏమీ మారలేదు.

2010 జనవరి 7న టెక్సస్ టెక్ యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ విద్యార్థి నికెల్ హైడ్రజీన్ పెర్‌క్లోరేట్ అనే పేలుడు పదార్థాన్ని కల్వంలో నూరుతున్నాడు. వంద మిల్లీగ్రాములకు మించి చేయకూడదనే పరిమితి ఉంది, కానీ అది నోటి మాటగానే ఉంది. పరీక్షలన్నింటికీ ఒకే బ్యాచ్ సరిపోవాలని అతనూ అతనితో పనిచేసే విద్యార్థీ కలిసి పది గ్రాముల దాకా తయారుచేశారు. నూరడం ఆపి, రక్షణ కళ్లద్దాలు తీసి పక్కకు వెళ్లాడు. ఇంకోసారి కలుపుదామని తిరిగి వచ్చినప్పుడు అద్దాలు పెట్టుకోలేదు. పేలింది. మూడు వేళ్లు పోయాయి, కంటికి తీవ్ర గాయమైంది. ఆ పరిశోధన బృందంలో అంతకుముందు కూడా ఘటనలు జరిగాయని దర్యాప్తులో తేలింది. వాటి నుంచి నేర్చుకోవలసినది రాసిపెట్టిన వాళ్లు లేరు, పక్కవాళ్లకు చెప్పిన వాళ్లూ లేరు.

2016 మార్చి 16న హవాయి యూనివర్సిటీలో హైడ్రోజన్, ఆక్సిజన్, కార్బన్ డై ఆక్సైడ్ కలిపి నింపిన 49 లీటర్ల ట్యాంకు పేలి ఒక పరిశోధకురాలు చేతిని కోల్పోయింది. అది గాలి నింపుకోవడానికి తయారైన ట్యాంకు, మండే వాయువులకు కాదు. దానికి ఎర్తింగ్ లేదు. పేలుడుకు ముందు రోజే అలాంటి చిన్న పాత్రలో, పీడనం చూపే గేజ్ బటన్ నొక్కగానే లోపల చిన్న పేలుడు వచ్చింది. ఆమె ఆ సంగతి పైకి చెప్పింది కూడా. పని మాత్రం ఆగలేదు.

మొదటి దాంట్లో మాట కాగితం దాకా వచ్చి ఆగింది. రెండో దాంట్లో గది గోడలు దాటలేదు. మూడో దాంట్లో గైడ్ దాకా వెళ్లి ఆగింది. ఈ మూడూ మీ క్యాంపస్‌లో ఎక్కడెక్కడ ఆగుతాయో ఇప్పుడే కనుక్కోండి.

అందుకే మొదటి వారంలో చేయాల్సింది ల్యాబుల తనిఖీ కాదు. వైస్ ఛాన్సలర్‌ను గానీ, ఆ స్థాయిలో పని ఆపించే అధికారం ఉన్న మరొకరిని గానీ కలిసి రెండు విషయాలు రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఒకటి, మీ రిపోర్టు నేరుగా ఆ ఆఫీసుకే వెళ్లాలి, శాఖాధిపతి దగ్గర ఆగకూడదు. టెక్సస్ టెక్ ప్రమాదంపై దర్యాప్తు చేసిన అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు కూడా ఇదే చెప్పింది: ల్యాబులను తనిఖీ చేసేవాళ్లు మార్పు చేయించగల అధికారం ఉన్నవాళ్లకే నేరుగా జవాబుదారీగా ఉండాలి. రెండు, ప్రాణాపాయం కనిపిస్తే అక్కడికక్కడే పని ఆపించే హక్కు మీకు ఉండాలి. ఈ హక్కును నేను ఇరవై రెండేళ్లలో నాలుగుసార్లు మాత్రమే వాడాను. కానీ అది ఉందని అందరికీ తెలియడం వల్ల మిగతా మాటలకు విలువ వచ్చింది. ఈ రెండూ ఇవ్వకపోతే బాధ్యత తీసుకోనని మర్యాదగా చెప్పండి. అధికారం లేని బాధ్యత మిమ్మల్ని మాత్రమే కాదు, మీ మీద నమ్మకం పెట్టుకున్న విద్యార్థులను కూడా ముంచుతుంది.

ల్యాబులో ఏం జరుగుతుందో నిర్ణయించేది ఆ ల్యాబు ప్రొఫెసరే. కాబట్టి భద్రత కూడా ఆయన పేరు మీదే ఉండాలి, మీ పేరు మీద కాదు. ప్రతి గది తలుపు మీద బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు, లోపల ఉన్న ముఖ్యమైన ముప్పులు రాసి అంటించండి. మంట వస్తే ఫైర్ సిబ్బంది మొదట చదివేది అదే. సేఫ్టీ అంతా మీ విభాగం చూసుకుంటుందని జనం అనుకోవడం మొదలైందంటే పరిస్థితి దిగజారుతోందని అర్థం.

ఇప్పుడు తనిఖీ సంగతి. చెక్‌లిస్టు పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోతే మీకు కనిపించేది చెక్‌లిస్టులో ఉన్నదే. నేను గదిలోకి వెళ్లి అక్కడున్న వాళ్లలో అందరికంటే చిన్నవాళ్లను ఒకే మాట అడుగుతాను: "ఈ గదిలో నీకు భయం వేసే పని ఏది?" మొదట మొహమాటపడతారు. రెండోసారి వెళ్లినప్పుడు చెబుతారు. ఒకసారి ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని నోరు తెరవకుండా మూలనున్న ఫ్రిజ్ వైపు కళ్లతో చూపించింది. ఇళ్లలో వాడే మామూలు ఫ్రిజ్ అది. లోపల ఈథర్ సీసాలు మూడున్నాయి, ఇట్టే ఆవిరై అంటుకునే ద్రావకం అది. వాటిలో ఒకదానికి మూత సరిగా పట్టలేదు. తలుపు తీయగానే వాసన గుప్పుమంది. మామూలు ఫ్రిజ్‌లో థర్మోస్టాట్, లైటు స్విచ్ నిప్పురవ్వ పుట్టించగలవు. లోపల ఈథర్ ఆవిరి నిండి ఉంటే ఆ ఒక్క రవ్వ చాలు, తలుపు ఊడి ఎగిరిపోతుంది. ఆ గదిని అంతకుముందు మూడేళ్లు వరుసగా తనిఖీ చేశాం. మా చెక్‌లిస్టులో "ఫ్రిజ్ శుభ్రంగా ఉందా" అనే ప్రశ్న ఉంది. శుభ్రంగానే ఉంది, టిక్కు పెట్టాం.

అదే సీసాల్లో ఇంకో సమస్య కూడా ఉంది. ఈథర్, టెట్రాహైడ్రోఫ్యూరాన్ లాంటివి గాలి తగులుతూ నిల్వ ఉంటే పెరాక్సైడ్లు ఏర్పడతాయి, అవి కదిపినా పేలగలవు. పాత సీసా మూత చుట్టూ తెల్లని పలుకులు కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు, తిప్పొద్దు. గది ఖాళీ చేయించి తెలిసినవాళ్లను పిలవండి. సీసా తెరిచిన రోజే దాని మీద తేదీ రాయడం అలవాటు చేయించండి. దీనికి ఒక మార్కర్ పెన్ను చాలు.

కళ్లు కడుక్కునే ఐవాష్‌ను స్వయంగా తిప్పి చూడండి. కాగితం మీద ఉంటుంది, గోడకు కూడా ఉంటుంది. నేను తిప్పిన వాటిలో కొన్నింటి నుంచి తుప్పు నీళ్లు వచ్చాయి. ఒకదాని ముందు అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. కంట్లో యాసిడ్ పడ్డవాడికి కళ్లు కనపడవు, తడుముకుంటూ రావాలి. పది సెకన్లలో అక్కడికి చేరాలి, పదిహేను నిమిషాలు ఆపకుండా కడగాలి అన్నది ప్రమాణం. పెట్టెలు తీస్తూ కూర్చునే సమయం అందులో లేదు. వారానికోసారి ఎవరో ఒకరు తిప్పి, పాత నీళ్లు వదిలి, పక్కన వేలాడే కార్డు మీద సంతకం పెట్టాలి. ఎవరు అన్నది పేరుతో సహా తేలాలి. "అందరూ చూసుకుంటారు" అంటే ఎవరూ చూడరు.

వ్యర్థాల సీసాల దగ్గర ఎక్కువసేపు ఆగండి. నైట్రిక్ యాసిడ్ మిగిలితే అసిటోన్, ఆల్కహాల్ పోసిన సీసాలోనే అది కూడా పోసి గట్టిగా మూత బిగించి ఇంటికి వెళ్లిపోతారు. అది అప్పటికప్పుడు ఏమీ చేయదు. గంటల తర్వాత, లోపల వాయువు పెరిగి, గదిలో ఎవరున్నా లేకపోయినా పగులుతుంది. యాసిడ్లకు వేరే సీసా, ద్రావకాలకు వేరే సీసా, ప్రతిదాని మీద లోపల ఏముందో పూర్తి పేరు. ఈ ఒక్క అలవాటు ఎంత చేస్తుందో మాటల్లో చెప్పలేను.

ద్రవ నైట్రోజన్ విషయంలో చదువుకున్నవాళ్లే పొరబడతారు. చల్లగా ఉంటుంది, గ్లవ్స్ వేసుకుంటే చాలు అనుకుంటారు. ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు ఏడు వందల లీటర్ల వాయువు అవుతుంది. చిన్న గదిలో ఒలికితే ఆక్సిజన్ తగ్గిపోతుంది. దానికి రంగు, వాసన లేవు. ఊపిరి ఆడడం లేదని తెలిసేలోపే మనిషి పడిపోతాడు, కాపాడబోయినవాడూ పడిపోతాడు. గదిలో ఆక్సిజన్ అలారం ఉండాలి. క్యాను లిఫ్టులో వెళ్లాలంటే క్యాను ఒక్కటే వెళ్లాలి, మనుషులు మెట్ల మీదుగా వెళ్లాలి.

గ్లవ్స్, కోటు, అద్దాలు అన్నింటికంటే చివర వచ్చే రక్షణ అని గుర్తుంచుకోండి. ముందు ఆ ప్రమాదకరమైన పదార్థం అసలు అవసరమా అని అడగాలి. అవసరమైతే తక్కువ మోతాదు సరిపోతుందా, ఇంకోటి వాడొచ్చా, ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లోపల చేయొచ్చా అని చూడాలి. ఆ తర్వాతే ఒంటి మీద వేసుకునేవి. 1996 ఆగస్టులో డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ కారెన్ వెటర్‌హాన్ హుడ్ లోపలే, గ్లవ్స్ వేసుకునే డైమిథైల్ మెర్క్యురీతో పనిచేశారు. లేటెక్స్ గ్లవ్ మీద కొన్ని చుక్కలు పడ్డాయి. 1997 జూన్‌లో ఆమె పాదరస విషంతో చనిపోయారు. ఆ పదార్థం లేటెక్స్ గుండా కొన్ని సెకన్లలోనే దూరిపోతుందని ఆ తర్వాత పరీక్షల్లో తేలింది. ఆమె అజాగ్రత్తగా లేరు. అప్పట్లో తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. తాను పోతానని తెలిసి కూడా ఈ సంగతి మిగతా శాస్త్రవేత్తలకు చేరాలని కోరారు. దీని గురించి ఎప్పుడు రాసినా నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. కాబట్టి "గ్లవ్స్ వేసుకున్నావా" అని అడగకండి. "ఏ గ్లవ్స్, ఈ ద్రవాన్ని ఎంతసేపు ఆపుతాయి" అని అడగండి.

పనికి ముందు ముప్పును అంచనా వేసి రాసే రిస్క్ అసెస్‌మెంట్ ఫారాలు ఒక్క పేజీ దాటనివ్వకండి. ఏం చేస్తున్నావు, చెడ్డగా జరిగితే ఏమవుతుంది, అది జరగకుండా ఏం చేశావు, జరిగితే ఏం చేస్తావు. నాలుగు జవాబులు, పని చేసేవాడి చేతిరాతతో, గైడ్ సంతకంతో. దీనికి ఒక్క నియమం జోడించండి: మోతాదు మూడింతలు పెరిగినా, ఉష్ణోగ్రత, పీడనం మారినా, కొత్త మనిషి చేస్తున్నా, కొత్త పేజీ. వంద మిల్లీగ్రాములు పది గ్రాములయ్యే ముందు ఒక్కసారైనా ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటారు.

తృటిలో తప్పిన వాటిని సేకరించడం ఈ పనిలో అన్నింటికంటే కష్టం. సీసా చేతిలోంచి జారి పగలకుండా ఆగింది, వైరు దగ్గర చిటపటమని నిప్పురవ్వ వచ్చింది, కళ్లు తిరిగి కిందకి వచ్చేశాను, ఇలాంటివి. చెబితే తిడతారని, థీసిస్ ఆలస్యమవుతుందని, నాకెందుకొచ్చిన గొడవ అని ఎవరూ చెప్పరు. ఇందులో నేను గట్టిగా పట్టుబట్టేవి రెండు. చెప్పినవాళ్ల మీద చర్య ఉండకూడదు. చెప్పిన వారం లోపల, ఏం చేశామో, లేదా ఎందుకు చేయలేకపోయామో చెప్పినవాళ్లకు తిరిగి చెప్పాలి. రెండోదాన్ని అందరూ మర్చిపోతారు. జవాబు రాని మనిషి రెండోసారి నోరు విప్పడు. హవాయిలో ఆ చిన్న పేలుడు సంగతి పైకి చేరాక కనీసం ఒక్క రోజు పని ఆగి ఉంటే ఏమై ఉండేదో ఆలోచించండి.

ప్రొఫెసర్లతో మాట్లాడడం గురించి. "ఇరవై ఏళ్లుగా ఏమీ కాలేదు" అన్నప్పుడు నియమాలు చదివి వినిపించకండి, వాదన పెరుగుతుంది. ఆయన విద్యార్థుల మీద ప్రేమ లేక అలా అనడం లేదు. ఆయన చెయ్యి తిరిగిన మనిషి, ఆయన చేసినన్నాళ్లూ ఏమీ కాలేదు, అది నిజమే. కానీ ఇప్పుడు చేస్తున్నది ఆయన కాదు, నిన్న చేరిన కుర్రాడు. నేను ఇలా అడుగుతాను: "సార్, ఈ రియాక్షన్ మీరు మొదటిసారి చేసినప్పుడు మీ పక్కన ఎవరున్నారు?" చాలామందికి ఆ మనిషి పేరు గుర్తుంటుంది. "ఇప్పుడు ఆ అబ్బాయి పక్కన ఎవరున్నారు?" అన్నాక మాట దారిలో పడుతుంది. అప్పటికీ వినకపోతే మీ దగ్గరున్న రాతపూర్వక అధికారం వాడండి. తర్వాత మళ్లీ ఆ గదికే వెళ్లి, మారినదాన్ని చూసి మెచ్చుకోండి.

ల్యాబులకు బయట ఏముందో కూడా చూడాలి, అది మీరు అడగలేదు. క్యాంపస్‌లో ముప్పు ఎక్కువగా మోసేవాళ్లు చాలాసార్లు పరిశోధకులు కారు. రాత్రి చెత్తబుట్ట ఎత్తే మనిషికి అందులో సూదులున్నాయో, పగిలిన గాజు ఉందో తెలియదు. ఫ్యూమ్ హుడ్ల పొగగొట్టాలన్నీ పైకప్పు మీదికే వెళతాయి. అక్కడ ఏసీ బాగుచేయడానికి ఎక్కిన కాంట్రాక్టు మనుషులు కింద మనం వదిలేదాన్నే పీలుస్తారు. ఒకసారి అలా ఎక్కిన ఇద్దరు కళ్లు మండుతున్నాయంటూ దిగివచ్చారు. కింద ఏ గదిలో ఏ పని నడుస్తోందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్లు ఎక్కుతున్నారని ల్యాబుకూ ఎవరూ చెప్పలేదు. అప్పటినుంచి పైకప్పు తాళం నా ఆఫీసులో పెట్టాం. తాళం కావాలంటే కింది ల్యాబుల సంతకం ఉండాలి. వెల్డింగ్ పనులకూ ఇలాంటి పర్మిట్టే పెట్టండి. పని అయ్యాక కనీసం అరగంట పాటు ఒక మనిషి అక్కడే నిలబడి చూడాలని అందులో రాయండి. హాస్టళ్లలో ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో బోర్డు తగిలించడం, ఫైర్ తలుపులకు తాళాలు వేయడం మీకు తెలిసినవే. తాళాల విషయంలో మాత్రం రాజీ పడకండి. దొంగల భయం ఉంటే తలుపుకు అలారం పెట్టించండి, తాళం వద్దు.

చివరి ప్రశ్న, రాత్రులు మూయించాలా అన్నది. మూయించవద్దు. మూయిస్తే కిటికీలోంచి దూరి చేస్తారు, అప్పుడు లోపల ఎవరున్నారో కూడా మనకు తెలియదు. పనులను వేరు చేయండి. 2011 ఏప్రిల్‌లో యేల్ యూనివర్సిటీ వర్క్‌షాపులో రాత్రివేళ ఒంటరిగా లేత్ (లోహాన్ని గిరగిరా తిప్పి చెక్కే యంత్రం) మీద పనిచేస్తున్న 22 ఏళ్ల విద్యార్థిని జుట్టు అందులో చిక్కుకుని చనిపోయింది. స్విచ్ ఆపడానికి పక్కన ఎవరూ లేరు. తిరిగే యంత్రాలు, గాలికి అంటుకునే రసాయనాలు, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, పీడనంలో ఉన్న పాత్రలు, మూసిన గదిలో ద్రవ నైట్రోజన్, ఇవి ఏ వేళైనా ఒంటరిగా చేయకూడదు, ఇద్దరు ఉండాలి. "ఇద్దరు" అంటే అదే బిల్డింగులో ఎక్కడో ఉండడం కాదు, కేక వేస్తే వినపడేంత దగ్గరలో ఉండడం. చదువుకోవడం, రాసుకోవడం, కంప్యూటర్ పని ఎప్పుడైనా చేసుకోనివ్వండి.

మనిషి లేకుండా రాత్రంతా నడిచే ప్రయోగాలు వేరు. వాటికి తలుపు మీద ఒక కార్డు ఉండాలి: లోపల ఏముంది, ఎవరిది, ఫోన్ నంబరు, కరెంటు పోతే ఏమవుతుంది, నీళ్లు ఆగితే ఏమవుతుంది. ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌కు నీళ్లు తెచ్చే రబ్బరు ట్యూబుకు రెండు వైపులా క్లిప్పు ఉందా అని తప్పకుండా చూడండి. రాత్రి అందరూ కుళాయిలు కట్టేశాక పైపుల్లో పీడనం పెరిగి ట్యూబు ఊడుతుంది. పొద్దున్నకు మూడు అంతస్తులు తడిసి ఉంటాయి, నీళ్లు ఆగిన ఫ్లాస్కు పొడిగా కాగుతూ ఉంటుంది. ఈ వారంలో ఒకరోజు రాత్రి పది తర్వాత సెక్యూరిటీ గార్డును వెంటబెట్టుకుని అన్ని అంతస్తులూ తిరగండి. ఏ గదిలో లైటు వెలుగుతోంది, ఎవరున్నారు, ఒంటరిగా ఉన్నారా అని మాత్రమే రాసుకోండి, ఎవరినీ ఏమీ అనకండి. ఆ జాబితా ఇక్కడ పెడితే ఏ గదితో మొదలుపెట్టాలో కలిసి చూద్దాం.